ప్రేమించిన మనిషినే అనుమానించవలసి వచ్చినప్పుడు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం రొమాంటిక్ సస్పెన్స్ నవలల గురించినవే. వాటిని ఇష్టంగా చదివేవారు రాసినవి కొన్ని, చదివి సమీక్షలు రాయడానికి ప్రయత్నిస్తున్నవారు రాసినవి మరికొన్ని. ఒకే సందేహం వెలిబుచ్చిన ఉత్తరాలను కలిపి, పొడవైనవాటిని కుదించి, ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: ప్రేమకథలో ఒక హత్య జరిగితే దానిని రొమాంటిక్ సస్పెన్స్ అనవచ్చునా? అపరాధ పరిశోధన నవలలో చివరికి ఒక జంట పెళ్లి చేసుకుంటే అది కూడా ఈ కోవలోకే వస్తుందా? సమీక్ష మొదలుపెట్టేటప్పుడు నవలను ఏ కోవలో చేర్చాలో తెలియక తికమకపడుతున్నాను. – ఒక పాఠకురాలు

సమాధానం: ప్రేమా నేరమూ ఒకే అట్టల మధ్య ఉన్నంత మాత్రాన ఆ పేరు చెల్లదు. నేను పాటించే పరీక్ష ఒకటుంది. చదవడం పూర్తయిన తరువాత నవలలోనుంచి ప్రేమను మనసులోనే తీసివేసి చూడండి. నేరకథ ఏమీ కోల్పోకుండా నిలబడితే అది ప్రేమ అద్దకం వేసిన పరిశోధక నవల. నేరాన్ని తీసివేసినా ప్రేమకథ చెక్కుచెదరకపోతే అది ఒక దుర్ఘటనను అరువు తెచ్చుకున్న ప్రేమ నవల. రెండింటిలో ఏది తీసినా రెండవది కూలిపోతే, అప్పుడు మీరు అడుగుతున్న కోవకు చెందిన నవల మీ చేతిలో ఉన్నట్టు.

ఒక కల్పిత ఉదాహరణ చెబుతాను. తప్పిపోయిన అక్క ఆచూకీ కోసం ఒక యువతి కొత్త ఊరికి వస్తుంది. అక్కడ ఆమెకు సాయపడే మనిషి ఆ ఊరి వైద్యుడనీ, అక్కతో అతనికి ఏ సంబంధమూ లేదనీ అనుకుందాం. వారిద్దరి మధ్య ప్రేమ పుడితే మనకు సంతోషమే కాని, ఆ ప్రేమ వల్ల అన్వేషణ ముందుకూ వెళ్లదు, వెనక్కీ తగ్గదు. అదే మనిషి ఆమె అక్కను చివరిసారిగా చూసిన వ్యక్తి అయితే కథ స్వభావమే మారిపోతుంది. అతని దగ్గరకు వేసే ప్రతి అడుగూ ఆమెను నిజానికి చేరువ చేస్తున్నదో, ప్రమాదానికి చేరువ చేస్తున్నదో తెలియదు. ‘ఇతనిని ప్రేమించవచ్చునా’ అన్న ప్రశ్నా, ‘ఇతను ఏం చేశాడు’ అన్న ప్రశ్నా ఒకే ప్రశ్నగా ముడిపడిపోతాయి. సమీక్షకుడు మొదట వెతకవలసింది ఆ ముడిని.

ఈ రెండింటినీ కలపకూడదని గట్టిగా వాదించినవారు కూడా ఉన్నారు. అమెరికన్ రచయిత ఎస్.ఎస్. వాన్ డైన్ 1928లో పరిశోధక కథలకు ఇరవై నియమాలు ప్రకటించి, మూడవ నియమంగా ప్రేమ వ్యవహారాన్ని నిషేధించారు. నేరస్థుణ్ణి న్యాయస్థానం ముందు నిలబెట్టడమే కథకుడి పని కాని, విరహంతో వేగుతున్న జంటను పెళ్లిపీటల మీద కూర్చోబెట్టడం కాదన్నది ఆయన వాదన. ఇంగ్లండులో పరిశోధక నవలల రచయిత్రి డొరొతీ ఎల్. సేయర్స్ కూడా తొలినాళ్లలో పరిశోధక కథలో ప్రేమ అడ్డంకేనని భావించారు. అయినా 1930నాటి తన నవలలో, హత్యానేరం మీద బోనులో నిలబడిన స్త్రీనే తన పరిశోధకుడు ప్రేమించేటట్టు ఆమె రాశారు. 1937లో వచ్చిన నవలకైతే ‘పరిశోధక అంతరాయాలతో కూడిన ప్రేమకథ’ అని అర్థం వచ్చే ఉపశీర్షికే పెట్టారు. నియమం పెట్టడం కంటే దానిని నిలబెట్టుకోవడం కష్టమని ఆమెకు కొన్నేళ్లలోనే తెలిసివచ్చిందేమో.

ప్రశ్న: శృంగారానికీ భయానకానికీ పొత్తు కుదరదని అలంకారశాస్త్రంలో చదువుకున్నవాణ్ణి. ఈ నవలలు రెండింటినీ ఒకచోట కూర్చుతాయి కదా, ఇది రసభంగం కాదా? – విశ్రాంత తెలుగు అధ్యాపకుడు

సమాధానం: ఈసారి వచ్చిన ఉత్తరాలన్నిటిలోనూ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ప్రశ్న ఇదే. మీరన్నది నిజమే. పద్నాలుగవ శతాబ్దానికి చెందిన విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో శృంగారానికి విరోధులుగా కరుణ, బీభత్స, రౌద్ర, వీర, భయానక రసాలను పేర్కొన్నాడు. అంతకు చాలా ముందే ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ఈ విరోధాన్ని పరిహరించే మార్గాలు కూడా చెప్పాడు: విరోధి రసాన్ని ప్రధాన రసానికి అంగంగా మాత్రమే ఉంచడం, రెండింటికీ వేరువేరు ఆశ్రయాలు, అంటే ఆ భావం కలిగే పాత్రలు, కల్పించడం, నడుమ మరొక రసాన్ని నిలపడం. నాయకునిలో వీరమూ, ప్రతినాయకునిలో భయమూ ఉంటే పేచీ రాదన్నమాట.

ఇప్పుడు పైన చెప్పిన ఉదాహరణను గుర్తుచేసుకోండి. అక్కను వెతుకుతున్న ఆ యువతిలోనే అనురాగమూ ఉంది, భయమూ ఉంది. ఆ రెండింటికీ కారణం కూడా ఒకే మనిషి. అంటే ఆశ్రయమూ ఒకటే, ఆ భావాలకు కారణమైన ఆలంబనమూ ఒకటే. పూర్వులు ఎక్కడ జాగ్రత్తపడమన్నారో సరిగ్గా అక్కడే ఈ ప్రక్రియ తన ఇల్లు కట్టుకుంది. అయినా మంచి నవల చదివినప్పుడు మనకు రసభంగమైనట్టు అనిపించదు. కారణం కూడా మన శాస్త్రంలోనే దొరుకుతుందని నా అభిప్రాయం. శృంగారంలో ఆలస్యం, ఉగ్రత, జుగుప్స తప్ప తక్కిన వ్యభిచారి భావాలన్నీ, అంటే మనసులో వచ్చిపోయే భావాలన్నీ, రావచ్చునని నాట్యశాస్త్రకర్త భరతుడు అనుమతించాడు; శంకా, త్రాసమూ (ఉలికిపాటు) ఆ తక్కినవాటిలోనివే. కనుక ప్రేమిస్తున్న మనసులో శంక మెరిసి మాయమవుతున్నంతకాలం అది ప్రేమను పెంచే సంచారి (వ్యభిచారి భావానికే మరో పేరు). అది తిష్ఠ వేసి భయం స్థాయిగా, అంటే నిలిచిపోయే ప్రధాన భావంగా, మారితే ఆ తరువాత వచ్చే ప్రేమ సన్నివేశం అతికించినట్టు ఉంటుంది.

సమీక్ష రాసేవారికి ఇందులో అక్కరకు వచ్చే కొలత ఉంది. ఒక ఛిద్రమైన శవాన్ని మూడు పుటలు వర్ణించి, నాలుగవ పుటలో కౌగిలిని వర్ణించిన నవలలు మీరూ చదివే ఉంటారు. అక్కడ చదువరికి కలిగే ఇబ్బందికి ‘ఎందుకో నచ్చలేదు’ అన్న మాట సరిపోదు. జుగుప్స తొలగకముందే అనురాగాన్ని అడిగారన్నది అసలు లోపం, దానిని ఆ మాటలతోనే చెప్పవచ్చు. రచయితకూ ప్రయోజనం, పాఠకుడికీ ప్రయోజనం.

ప్రశ్న: గుట్టు బయటపెట్టకుండా సమీక్ష ఎలా రాయాలి? కథ చెప్పకపోతే సమీక్ష డొల్లగా ఉందంటారు, చెబితే చదివే ఆనందం పాడుచేశానంటారు. – డిగ్రీ విద్యార్థిని

సమాధానం: ఇంతవరకే చెప్పాలన్న గీత ఎవరూ గీయలేదు. నా అలవాటు చెబుతాను: నవలలో మొదటి నాలుగవ వంతులో పాఠకుడికి తెలిసిపోయే సంగతులను స్వేచ్ఛగా చెబుతాను, ఆ తరువాతి సంఘటనలను వాటి పేరుతో కాక వాటి స్వభావంతో చెబుతాను. ‘ఇంటి వెనుక గదిలో ఆమెకు ఉత్తరాలు దొరుకుతాయి’ అని రాయను. ‘కథ నడుమ దొరికిన ఒక ఆధారం ఆమె అప్పటిదాకా నమ్మిన ప్రతి మాటనూ తిరగదోడుతుంది’ అని రాస్తాను. మొదటిది సంఘటన, రెండవది దాని బరువు. చదవబోయేవారికి బరువు తెలిస్తే చాలు.

అయితే ఈ ప్రక్రియకే ప్రత్యేకమైన ఒక ఉచ్చు ఉంది. సాధారణ పరిశోధక నవలను సమీక్షించేటప్పుడు హంతకుడి పేరు చెప్పకపోతే చాలు. ఇక్కడ విశేషణాలు కూడా గుట్టు విప్పేస్తాయి. అక్కను చివరిసారిగా చూసిన ఆ మనిషిని మీరు సమీక్ష మొదటి పేరాలోనే ‘మనసు దోచే నాయకుడు’ అన్నారనుకోండి, అతను నిర్దోషి అని చెప్పేసినట్టే. రచయిత మూడువందల పుటలు కష్టపడి నిలబెట్టిన సందేహం మీ ఒక్క మాటతో తేలిపోతుంది. అసలు ‘నాయకుడు’ అన్న పదమే ఇక్కడ తీర్పు. అందుకని ఇద్దరు పురుషులు ఆమెకు చేరువగా ఉన్న నవలలో నేను ఎవరినీ నాయకుడనను. ‘పడవ నడిపే అతను’, ‘కేసు విచారిస్తున్న అధికారి’ అని వారు చేసే పనిని బట్టి ప్రస్తావిస్తాను. కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది. తప్పదు.

‘చివరిలో ఎవరూ ఊహించని మలుపు ఉంది’ అన్న మెచ్చుకోలు కూడా అంత అమాయకమైనది కాదు. అది చదివినవారు పుస్తకం తెరిచిన క్షణం నుంచీ ఆ మలుపు కోసమే కాపలా కాస్తారు. చాలా సౌమ్యంగా కనిపించే పాత్ర మీదనే మొదటి అనుమానం పెట్టుకుంటారు, అది చాలాసార్లు నిజం కూడా అవుతుంది.

ముగింపు బాగాలేనప్పుడు మరింత చిక్కు. ఫలానా పాత్ర దోషి కావడం అసంబద్ధమని రాయాలంటే ఆ పాత్ర పేరు చెప్పాలి. అప్పుడు లోపం ఏ రకానిదో చెప్పండి. దోషికి ఆపాదించిన కారణం కథలో అంతకుముందు ఎక్కడా బీజంగా పడలేదా? నాయిక తనకు తానుగా తెలుసుకోవలసిన నిజాన్ని దోషి చివరిలో ఉపన్యాసంగా వినిపించాడా? ప్రేమ నిలబడడానికి అనుమానం తీరడం అవసరం కాగా, అనుమానం తీరకుండానే పెళ్లి జరిగిపోయిందా? ఈ మూడూ మూడు వేరువేరు లోపాలు, వేటినీ ఎవరి పేరూ చెప్పకుండానే రాయవచ్చు. ‘దోషి నవల మొత్తంలో రెండుసార్లే కనిపిస్తాడు’ అని మాత్రం రాయకండి. రెండుసార్లే కనిపించే పాత్రను పట్టుకోవడం చురుకైన పాఠకుడికి పెద్ద పనేమీ కాదు. ఒకప్పుడు నేను సరిగ్గా ఈ పొరపాటే చేశాను. సమీక్ష చదివి నవల మొదలుపెట్టిన ఒక మిత్రుడు యాభయ్యవ పుటలోనే దోషిని పట్టుకుని, తక్కిన రెండువందల పుటలూ నన్ను తిట్టుకుంటూ చదివాడు.

ప్రశ్న: సగంలోనే దోషి ఎవరో నాకు తెలిసిపోయింది. నవల విఫలమైనట్టు కాదా? ఎలాగూ జంట కలుస్తుందని ముందే తెలిసిన ఈ నవలల్లో ఇక ఉత్కంఠ ఎక్కడిది? – ఇద్దరు పాఠకుల ఉత్తరాల నుంచి

సమాధానం: మర్మం వేరు, ఉత్కంఠ వేరు. మర్మం మనకు తెలియనిదానిలో ఉంటుంది, ఉత్కంఠ తరచుగా మనకు తెలిసినదానిలోనే ఉంటుంది. చలనచిత్ర దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫోతో జరిపిన సంభాషణలలో దీనిని బల్ల కింది బాంబుతో వివరించారు. ఇద్దరు ఏదో పిచ్చాపాటీ మాట్లాడుకుంటుండగా హఠాత్తుగా బల్ల కింద బాంబు పేలితే ప్రేక్షకుడికి పదిహేను సెకన్ల ఆశ్చర్యం మిగులుతుంది. బాంబు ఉన్నదని ప్రేక్షకుడికి ముందే చెప్పి, ఆ ఇద్దరికీ చెప్పకపోతే పదిహేను నిమిషాల ఉత్కంఠ లభిస్తుంది. కాబట్టి దోషి ఎవరో మీకు సగంలో తెలిసిన తరువాత మీ ఆసక్తి చచ్చిందా, లేక ఆ మనిషి ఆమెకు మంచినీళ్లు అందిస్తున్నప్పుడు కూడా మీ గుండె దడదడలాడిందా అన్నది మిమ్మల్ని మీరు అడగవలసిన ప్రశ్న. దడ పుట్టి ఉంటే నవల నెగ్గినట్టే. రచయిత దాచాలనే అనుకుని దాచలేకపోయాడని తోస్తే మాత్రం లోపమని రాయండి, కాని ఏ పుటలో, ఏ మాట వల్ల మీకు తెలిసిందో గుర్తుపెట్టుకుని రాయండి. వందల నవలలు చదివినవారికి కథకుల ఎత్తులు ముందే తెలిసిపోతాయి. ఆ అనుభవాన్ని నవల మీద నేరంగా మోపకూడదు.

జంట కలుస్తుందన్న భరోసా గురించి. అమెరికాలోని రొమాన్స్ రచయితల సంఘం ఇచ్చిన నిర్వచనంలోనే కేంద్రస్థానంలో ప్రేమకథ, మనసుకు తృప్తినిచ్చే ఆశావహమైన ముగింపు అన్న రెండు షరతులు ఉన్నాయి. ఆ భరోసా ఉన్న నవలలో నాయిక బతుకుతుందా అన్నది అసలు ప్రశ్నే కాదు. ఏం పోగొట్టుకుని బతుకుతుంది, ఎవరి మీద నమ్మకం చంపుకుంటుంది, ఏ అబద్ధాన్ని క్షమించవలసి వస్తుంది అన్నవే ప్రశ్నలు. వాటికి ముందే సమాధానాలు దొరికిపోయిన నవలను నిస్సంకోచంగా చప్పగా ఉందనవచ్చు.

ప్రశ్న: ఈ నవలల్లో చాలాచోట్ల నాయకుడు ఆమెకు తెలియకుండా ఆమెను వెంబడిస్తాడు, ఫోను చూస్తాడు, ‘నీ మేలు కోసమే’ అని నిజం దాస్తాడు. రచయితలు దీనిని ప్రేమగా చూపిస్తున్నారు. సమీక్షలో దీని గురించి రాస్తే నీతులు చెబుతున్నానని అంటారేమో. – ఒక పాఠకురాలు

సమాధానం: రాయండి. మీరు నీతి చెప్పడం లేదు, శిల్పం గురించే మాట్లాడుతున్నారు. ఈ నవలలకు ఇంధనం అపనమ్మకమే కనుక, నమ్మదగని పనులు చేసే పురుషుడు ఇందులో ఉండడం సహజం. చూడవలసింది ఆ పనికి నవల ఏ పేరు పెడుతున్నదన్నది. వెంబడించినవాడు దోషి అయినప్పుడు అదే పనిని భయంకరంగా చూపించి, నిర్దోషి అయినప్పుడు ముచ్చటగా చూపిస్తే ఆ రచయితకు తన కథా వస్తువు మీదనే స్పష్టత లేదన్నమాట. వెంబడించినట్టు తెలిసిన తరువాత ఆమెకు కోపం రావడానికీ, ప్రశ్నించడానికీ, వదిలి వెళ్లడానికీ కథలో చోటు ఉందా? అతను సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చిందా, లేక ప్రతినాయకుడి తుపాకీ పేలగానే అన్నీ మాఫీ అయ్యాయా? రెండవదే జరిగితే, ప్రమాదాన్ని క్షమాపణకు బదులుగా వాడుకున్నారని రాయవచ్చు.

ఈ ప్రక్రియకు మూలకందాలలో ఒకటైన దాఫ్నీ డు మోరియే నవల ‘రెబెకా’ 1938లో వెలువడింది. ఇంతసేపూ గుట్టు విప్పకండని చెప్పి నేనే విప్పబోతున్నాను, చదవనివారు ఈ పేరాను దాటవేయండి. భర్త తన మొదటి భార్యను తానే చంపానని ఒప్పుకున్నప్పుడు, కథ చెబుతున్న రెండవ భార్యకు కలిగేది భయం కాదు. అతను ఆ మొదటి భార్యను ఎన్నడూ ప్రేమించలేదన్న ఊరట. చదువుతున్న మనం ఉలిక్కిపడతాం, ఆమె ఉలిక్కిపడదు. నవల గొప్పతనం ఆ ఎడంలోనే ఉంది. 1940లో హిచ్‌కాక్ తీసిన చలనచిత్రంలో ఆ హత్యను ప్రమాదవశాత్తు జరిగిన మరణంగా మార్చవలసి వచ్చింది, ఎందుకంటే హంతకుడు శిక్ష తప్పించుకోవడాన్ని అప్పటి హాలీవుడ్ నియమావళి ఒప్పుకోదు. భర్త చేతులు శుభ్రపడ్డాయి, దానితోపాటు ఆమె ప్రేమలోని భయంకరమైన అంశమూ కొట్టుకుపోయింది. తప్పు చేసిన పురుషుడు కథలో ఉండడం దోషం కాదని, ఆ తప్పును చదువరి కంట పడకుండా కడిగేయడమే దోషమని మీ సమీక్షలో వాదించవలసి వస్తే ఈ ఉదాహరణ మీకు అండగా నిలుస్తుంది.

ప్రశ్న: మధ్యలో ఆపేసిన నవల మీద సమీక్ష రాయవచ్చునా?

సమాధానం: రాయవచ్చు, ఎన్నవ పుటలో ఆపారో మొదటి వాక్యంలోనే చెప్పి. అయితే ఈ రకం నవలలో సగం మీద ఇచ్చిన తీర్పు తక్కిన నవలలకంటే బలహీనంగా ఉంటుంది. మీకు అసంబద్ధంగా తోచిన ప్రవర్తనకు కారణం చివరి అధ్యాయంలో ఉండవచ్చు. భాష గురించీ, నడక గురించీ మాట్లాడండి, పాత్రల ఔచిత్యం గురించి మాట్లాడకండి.

ప్రశ్న: ఏకబిగిన చదివేస్తాను. సమీక్ష రాయడానికి కూర్చుంటే ‘ఆపకుండా చదివించింది’ అన్న ఒక్క మాట తప్ప ఏదీ తోచదు. – బ్యాంకు ఉద్యోగి

సమాధానం: ఆ మాట నవలకు మెప్పే కాని, సమీక్షకు చాలదు. చదివేటప్పుడు పుస్తకంలో ఒక చీటీ ఉంచుకోండి. నవలను సుమారుగా నాలుగు భాగాలు చేసుకుని, ప్రతి భాగం చివర ఆగి రెండే సంగతులు రాయండి: ఈ క్షణంలో మీ అనుమానం ఎవరి మీద ఉంది, ఆ ఇద్దరూ కలవాలని మీకు ఉందా లేదా. నిమిషం కూడా పట్టదు. చివరికి చూసుకుంటే రచయిత మిమ్మల్ని ఏ దారిన నడిపించాడో ఆ నాలుగు పంక్తులలో కనిపిస్తుంది. అనుమానం మారుతూ వచ్చి, వారు కలవాలన్న కోరిక మాత్రం మొదటినుంచీ కదలకుండా ఉంటే ప్రేమకథ మీ మీద పని చేసింది, నేరకథ ప్రేమను తాకలేదు. రెండూ కలిసి ఊగిసలాడితే ఆ ఊగిసలాటే మీ సమీక్షకు ఇతివృత్తం.

తరువాత దోషి మాట్లాడిన సంభాషణలను వెతికి మళ్లీ చదవండి. నిజం తెలియనప్పుడు ఒక అర్థం, తెలిసిన తరువాత మరో అర్థం ఇచ్చే మాటలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి; ఒకటీ లేకపోతే రచయిత మిమ్మల్ని మోసగించాడే తప్ప దారి తప్పించలేదు. నిర్దోషిగా తేలినవాడి మాటలను కూడా అలాగే పరీక్షించండి, ఎందుకంటే అనుమానం పుట్టించడానికి మాత్రమే అతనిచేత అసహజంగా మాట్లాడించే రచయితలు తక్కువేమీ కాదు. అంత తీరిక లేకపోతే, కనీసం మొదటి అధ్యాయమూ, ఆ ఇద్దరూ తొలిసారి ఎదురుపడే సన్నివేశమూ మళ్లీ చదివి అప్పుడు రాయడానికి కూర్చోండి.